పాఠకుల ప్రశ్నలు: రూప్‌చంద్ మన గోదావరిలో ఎందుకు పుట్టలేదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో జంతువులను గురించినవే ఎక్కువ. చదువుతూ పోతే చాలామటుకు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడిగినట్టు అనిపించింది. అందుచేత శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించి, స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: పదేళ్ళుగా మా చెరువులో బొచ్చె, శీలావతితో పాటు రూప్‌చంద్ కూడా పెంచుతున్నాం. అది అమెజాన్ నదిలో పుట్టిన చేప అని విత్తనం ఇచ్చేవాళ్ళు చెప్పారు. అంత దూరపు చేప మన నీళ్ళలో, మన తవుడు తిని ఇంత చక్కగా ఎదుగుతున్నప్పుడు అసలు మొదటినుంచీ గోదావరిలో ఎందుకు లేదు? ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం జంతువులు ఎందుకు ఏర్పడ్డాయి?
– చెరువు రైతు, ఆకివీడు మండలం

జవాబు: ఎడారిలో ఒంటె, మంచులో ధ్రువపు ఎలుగుబంటి, అడవిలో పులి అని బడిలో చదువుకున్నాం. ఏ జంతువుకు ఏ వాతావరణం సరిపడితే అది అక్కడ ఉంటుందని దాని భావం. అది సగం సమాధానమే. ఒక జంతువు ఒకచోట ఉండాలంటే అక్కడ బతకగలగాలి, అంతకంటే ముందు అక్కడికి చేరగలగాలి. మీ రూప్‌చంద్‌కు గోదావరిలో బతకడానికి ఏనాడూ అడ్డు లేదు, చేరడానికే దారి లేకపోయింది.

దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల పరీవాహక ప్రాంతం దాని పుట్టినిల్లు. అక్కడా మనకు లాగే వెచ్చటి నీళ్ళు, ఏటేటా వరద, ఒండ్రు. ఈసారి పట్టుబడి నాడు ఒక పెద్ద రూప్‌చంద్ పెదవి ఎత్తి చూడండి. కండ కోసే కోరలకు బదులు మనిషి దవడపళ్ళను పోలిన, మొద్దుగా, బల్లపరుపుగా ఉన్న పళ్ళు వరుసగా కనిపిస్తాయి. ఇది పిరాన్హాకు దగ్గరి చుట్టమే గానీ, దీని పళ్ళు మాంసం కోసం ఏర్పడినవి కావు. వరద కాలంలో అమెజాన్ నీరు అడవిలోకి పొర్లి నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఈ చేపలు ఆ చెట్ల మొదళ్ళ మధ్య ఈదుతూ, నీటిలో రాలిన కాయలను, గింజలను పటపట కొరికి తింటాయి. నలగకుండా మిగిలిన గింజలు కడుపులోంచి బయటపడి మరోచోట మొలకెత్తుతాయి. మన దగ్గర మర్రి విత్తనాన్ని గోడల మీదికి చేర్చే పని కాకి చేస్తే, అక్కడి అడవిలో అలాంటి పనిలో చేపలకూ వాటా ఉందన్నమాట. తవుడుకీ చెక్కకీ అంతటి పళ్ళు అవసరం లేకపోయినా అవి మీ చెరువులో పెరిగే పిల్లలకు కూడా వస్తూనే ఉన్నాయి, ఊరు మారినా ఇంటిపేరు మారనట్టు.

ఈ చేప తనంతట తాను గోదావరికి రావాలంటే ఏం చేయాలో ఆలోచించండి. మంచినీటి చేపకు సముద్రం దారి కాదు, గోడ. అమెజాన్ నోటి నుంచి అట్లాంటిక్ దాటి, ఆఫ్రికాను చుట్టి, హిందూ మహాసముద్రం మీదుగా అంతర్వేది దగ్గర లోపలికి రావడం దాని ఒంటికి సాధ్యమయ్యే ప్రయాణం కాదు. ఆ గోడను మనిషి దాటించాడు. మీ పక్క చెరువులలోని వనామీ కథ ఇంకా చిత్రమైనది. అది ఉప్పునీటి జీవి కాబట్టి ఈదుకుంటూ రాలేదా అనిపిస్తుంది. కానీ దాని సహజ నివాసం మెక్సికో నుంచి పెరూ వరకు ఉన్న పసిఫిక్ తీరం. తీరాన్ని అంటిపెట్టుకుని బతికే రొయ్యకు నడిసముద్రం వేల కిలోమీటర్ల ఎడారితో సమానం. 2009లో మన ప్రభుత్వం అనుమతించిన తరువాత తల్లి రొయ్యలు విమానమెక్కి వచ్చాయి. మన సొంత టైగర్ రొయ్య హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ పసిఫిక్‌లోనూ ఉండి, అదే ఎడారి కారణంగా అమెరికా తీరాన్ని తనంతట తాను చేరలేకపోయింది.

ఇక ఒక్కోచోట ఒక్కో రకం ఎందుకు ఏర్పడ్డాయన్నది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠలుగా చీలిన నీరు ఒకే నదిది. అయినా ఎవరి లంకలు వారివి, ఎవరి కోతలు వారివి, ఎవరి మొగ వారిది. ఒకే జాతి జంతువులు సముద్రం వల్లనో పర్వతాల వల్లనో రెండుగా విడిపోయినప్పుడు జరిగేది దాదాపు ఇలాంటిదే. ఒకవైపు వచ్చిన మార్పు రెండోవైపుకు అందదు. లక్షల తరాలు గడిచేసరికి రెండు వైపులవీ ఒకదానికొకటి పరాయివైపోతాయి. ఎంతకాలం విడిగా ఉంటే అంత తేడా. ఆ కాలం లెక్క తరువాతి ఉత్తరానికి జవాబులో వస్తుంది.

ప్రశ్న: ఏనుగు, సింహం, ఖడ్గమృగం ఆఫ్రికాలోనూ ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఒక్కటీ లేదు. మూడుచోట్లా ఎండ ఒకటే, గడ్డి ఒకటే కదా అని ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. అక్కడ కంగారూలు ఎందుకున్నాయి, ఇక్కడ ఎందుకు లేవు?
– ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: సుమారు 20 కోట్ల సంవత్సరాల కిందట దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, ఇండియా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా కలిసి ఒకే నేలగా ఉండేవి. దానికి గోండ్వానా అని పేరు. ఈ పేరు పరాయిదేమీ కాదు, గోదావరి ఉపనదులు పారే గోండుల నేల పేరే శాస్త్రజ్ఞులు తీసుకున్నారు. ఆ నేల ముక్కలై దూరంగా జరిగినప్పుడు ఏ ముక్క మీద ఏ జంతువులు ఉన్నాయి, ఆ ముక్క మళ్ళీ దేనికి తగులుకుంది అన్న రెండు సంగతుల మీదే మీ విద్యార్థి ప్రశ్నకు జవాబు ఆధారపడి ఉంది.

ఇండియా సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ నుంచి విడిపోయి, ఉత్తరంగా కదిలి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొన్నది. హిమాలయాలు లేచింది ఆ తాకిడికే. ఆ తరువాత ఆసియా జంతువులకు మన దేశం నడిచి రాగల నేల అయింది. ఆఫ్రికా కూడా తరువాతి కాలంలో అరేబియా వైపు నుంచి ఆసియాకు అతుక్కుంది. ఏనుగుల వంశం ఆఫ్రికాలో పుట్టి ఆ దారినే బయటికి వచ్చింది. సింహాలు పశ్చిమాసియా మీదుగా మన దాకా వ్యాపించాయి. మధ్యలోవి మనిషి చేతిలో అంతరించడం వల్ల గుజరాత్‌లోని గిర్ సింహాలు ఒంటరిగా మిగిలి, ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు కనిపిస్తాయి. చీతాలు కూడా అలా వచ్చినవే. అవి మన దేశంలో అంతరించినట్టు 1952లో ప్రకటించగా, 2022లో నమీబియా నుంచి 8 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు. మొదటిసారి కాళ్ళతో నడిచి వచ్చిన జంతువు రెండోసారి విమానంలో వచ్చింది.

ఆస్ట్రేలియాది వేరే కథ. అది అంటార్కిటికా నుంచి విడిపోయాక మరే ఖండానికీ తగలలేదు. పొట్టసంచిలో పిల్లలను పెంచే జంతువుల పూర్వీకులు అప్పటికే దక్షిణ అమెరికా నుంచి అంటార్కిటికా మీదుగా అక్కడికి చేరి ఉన్నాయి. అంటార్కిటికా ఆనాడు మంచుగడ్డ కాదు, అడవి. పోటీకి జింకా లేదు, తినడానికి పులీ లేదు. కాబట్టి మన దగ్గర జింక చేసే పని కంగారూ చేసింది, చెట్టెక్కి ఆకు మేసే పని కోలా చేసింది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు పాలిచ్చే ప్లాటిపస్, ఎకిడ్నా వంటి పాత వంశాలు ఆస్ట్రేలియా, న్యూగినీలలో తప్ప భూమి మీద ఇంకెక్కడా మిగలలేదు. గబ్బిలాలు ఎగిరి వచ్చాయి, ఎలుకలు కొట్టుకువచ్చిన దుంగల మీద దీవి నుంచి దీవికి చేరుకున్నాయి. డింగో అనే కుక్కను మాత్రం మనుషులు పడవల్లో తెచ్చారు.

ఆసియా జంతువులకూ ఆస్ట్రేలియా జంతువులకూ మధ్యనున్న హద్దు ఎంత పదునైనదో మొదట గట్టిగా చెప్పినవాడు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు. ఆయన 1854 నుంచి 1862 వరకు మలయా, ఇండోనేషియా దీవులలో పక్షులను, కీటకాలను సేకరిస్తూ తిరిగాడు. 1856లో బాలి నుంచి పక్కనే ఉన్న లాంబోక్ దీవికి పడవలో దాటాడు. మధ్యనున్న జలసంధి వెడల్పు 20 నుంచి 40 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు రావులపాలెం నుంచి మీ అమలాపురానికి బస్సులో వచ్చేంత దూరం. బాలిలో ఆయన చూసినవి వడ్రంగి పిట్టలు, గిజిగాళ్ళ వంటి పక్షులు, మనకు తెలిసిన ఆసియా పిట్టలు. లాంబోక్‌లో దిగేసరికి తెల్లటి కాకటూ చిలకలు, కుళ్ళే ఆకులను గుట్టగా పోసి ఆ వేడికి గుడ్లు పొదిగించే మెగాపోడ్ పక్షులు ఎదురయ్యాయి. వాతావరణం ఒకటే, నేల తీరూ ఒకటే, పక్షులు మాత్రం ఆస్ట్రేలియావి. రెక్కలున్న పిట్టలు బస్సు దూరం ఎందుకు ఎగరలేదంటారా? సైబీరియా నుంచి శీతాకాలంలో కొల్లేటికి దిగే సూదితోక బాతులను చూసే మనకు ఆ సందేహం న్యాయమైనదే. కానీ అడవి లోపల కొమ్మ నుంచి కొమ్మకు తిరిగే పిట్టలలో చాలావాటికి పది కిలోమీటర్ల బట్టబయలు సముద్రం కూడా గోడే.

కారణం నీటి వెడల్పు కాదు, లోతు. మంచుయుగంలో సముద్రమట్టం నేటికంటే సుమారు 120 మీటర్లు పడిపోయినప్పుడు సుమత్రా, జావా, బోర్నియో, బాలి ఆసియాతో కలిసిపోయాయి. పులి నడుచుకుంటూ బాలి దాకా వెళ్ళింది. లాంబోక్ జలసంధి అంతకంటే లోతైనది కాబట్టి అప్పుడు కూడా ఎండలేదు. అక్కడ గీసిన గీతకు వాలెస్ రేఖ అని పేరు నిలిచింది. అంతకుముందు ఫిలిప్ స్క్లేటర్ అనే బ్రిటిష్ పక్షి శాస్త్రజ్ఞుడు 1858లో పక్షులను బట్టి ప్రపంచాన్ని ఆరు మండలాలుగా విభజించగా, వాలెస్ 1876లో ప్రచురించిన గ్రంథంలో ఆ విభజనను మిగతా జంతువులకు కూడా వర్తింపజేశాడు. మన దేశంలో అధిక భాగం, ఆగ్నేయాసియా కలిసి అందులో ప్రాచ్య మండలం. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు గీతలను అటూ ఇటూ జరిపారు గానీ, చెరిపివేయలేదు.

పిల్లలకు చెప్పడానికి మరో రెండు ఉదాహరణలు. ఒంటెల వంశం ఉత్తర అమెరికాలో పుట్టింది. ఒక శాఖ అలాస్కా వైపు నుంచి ఆసియాకు దాటి రాజస్థాన్ ఒంటె అయింది. పనామా దగ్గర సుమారు 30 లక్షల ఏళ్ళ కిందట నేల కలిసినప్పుడు మరో శాఖ దక్షిణానికి దిగి ఆండీస్ కొండల లామా అయింది. పుట్టినచోట మాత్రం ఒక్కటీ మిగలలేదు. రెండోది మన ఇంటి సంగతి. గోదావరి పుట్టిన పడమటి కనుమలకే దక్షిణపు కొసన, కేరళ ప్రాంతంలో, ఏడాదిలో ఎక్కువ రోజులు భూమి లోపలే ఉండి చెదలు తిని బతికే ఊదారంగు కప్ప ఒకటుందని 2003లో శాస్త్రలోకానికి తెలిసింది. దాని దగ్గరి చుట్టాలు ఆసియాలో ఎక్కడా లేవు, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులలో ఉన్నాయి. కప్ప సముద్రం ఈదలేదు. నేలే దాన్ని మోసుకుంటూ ఇక్కడికి వచ్చింది.

ప్రశ్న: కళాశాల తరఫున కోరంగి వెళ్ళాం. మడ అడవిలో చెక్కబాట మీద నుంచి చూస్తే బురద మీద గెంతే చేపలు కనిపించాయి. అమెజాన్ ముఖద్వారంలో కూడా మడ అడవులు ఉన్నాయట. అక్కడా ఇవే చేపలు ఉంటాయా?
– విద్యార్థి, కాకినాడ

జవాబు: ఉండవు. వాటిని మడ్‌స్కిప్పర్లు అంటారు. ఈసారి వెళితే పోటు తీసిన వేళకు వెళ్ళి, ఒకేచోట పావుగంట కదలకుండా నిలబడండి. అలికిడికి బొరియల్లోకి దూరినవి మెల్లగా బయటికి వస్తాయి. తల మీద కప్పకు ఉన్నట్టు ఉబికిన రెండు కళ్ళు, ముందరి రెక్కలనే మోచేతుల్లా ఆనించి ముందుకు ఒరిగే నడక, తోక విదిలించి వేసే గెంతు చూడవచ్చు. మధ్యమధ్యలో ఒక కన్ను లోపలికి గుంజుకుని మళ్ళీ పైకి తెస్తుంది. ఆరిపోయిన కన్నును తడుపుకోవడం అది. తడి చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తుంది కాబట్టే ఒళ్ళు ఆరనివ్వదు, నీటి గుంటలో పొర్లుతుంది.

ఈ చేపలు హిందూ మహాసముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ వరకు, ఆఫ్రికా పడమటి తీరంలోనూ ఉన్నాయి. అమెరికా ఖండాలకు చేరలేదు. దక్షిణ అమెరికా ఉత్తర తీరపు మడలలో నీటికీ గాలికీ సందున బతికే ఇంకో చేప ఉంది. అనాబ్లెప్స్ అనే ఆ చేపను నాలుగు కళ్ళ చేప అని పిలుస్తారు. నిజానికి కళ్ళు రెండే. ఒక్కో కన్నూ అడ్డంగా రెండు భాగాలై ఉండటం వల్ల నీటి పైన తేలుతూ పై సగంతో గాలిలోకి, కింది సగంతో నీటిలోకి ఏకకాలంలో చూస్తుంది. అలాగే కోరంగి బురదలో అడుగుజాడలు వదిలే నీటిపిల్లి, అంటే చేపలు పట్టుకునే బావురుపిల్లి, దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకే పరిమితమైనది. దక్షిణ అమెరికా మడలలో పీతల కోసం రాత్రిళ్ళు తిరిగేది రకూన్ జాతి జంతువు. చెట్ల సంగతికి వస్తే మనదే పైచేయి. మడ చెట్లలో జాతుల సంఖ్య అట్లాంటిక్ వైపు కంటే మన వైపు కొన్ని రెట్లు ఎక్కువ.

ప్రశ్న: పులస గోదావరిలో తప్ప ప్రపంచంలో ఎక్కడా దొరకదని మా ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. నిజమేనా?
– గృహిణి, యానాం

జవాబు: చేప మటుకు దొరుకుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం మనవాళ్ళు ఇలస అని, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అని పిలిచే ఈ చేపే బెంగాల్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ ఇలిశ్, సింధు నదిలో పల్లా. పర్షియన్ గల్ఫ్ నుంచి ఎదురెక్కి ఇరాక్ నదులలోకి కూడా వెళుతుంది. సముద్రానికీ నదికీ రెండింటికీ అలవాటు పడిన ఒళ్ళు కావడం వల్ల రూప్‌చంద్‌కు గోడ అయినది దీనికి రోడ్డయింది. పుస్తెలమ్మైనా తినాలనే రుచి మాత్రం మన ఎర్రనీటిదేనని వాదించేవారితో నేను తగవు పడను. ఆ విషయంలో నేనూ డెల్టావాడినే.

ప్రశ్న: మా బోదెలో ఈ ఏడాది ఒళ్ళంతా గట్టి పెంకు, నల్లటి చారలు ఉన్న చేపలు పడుతున్నాయి. వలలు చిరుగుతున్నాయి. దెయ్యం చేప అంటున్నారు. బయటి దేశపు చేప అయితే రూప్‌చంద్‌లా దీన్ని కూడా పెంచుకోకూడదా?
– కౌలు రైతు, రాజోలు

జవాబు: మీ వర్ణనను బట్టి అది దక్షిణ అమెరికా సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్. గాజుతొట్టెలలో అద్దానికి పట్టిన పాచిని నాకుతుందని ఇళ్ళలో పెంచుకుంటారు. పెద్దదై తొట్టె పట్టనప్పుడు ఎవరో కాలువలో వదిలేస్తారు. రూప్‌చంద్‌కూ దీనికీ పుట్టిన ఖండం ఒకటే, తేడా చెరువు గట్టులో ఉంది. ఒకటి మీరు వేసిన మేత తిని, మీరు వల వేసేదాకా గట్టు లోపల ఉంటుంది. అది కూడా వరదలో గట్టు తెగి నదిలో పడితే ఏమవుతుందన్నది ఆలోచించవలసిన సంగతే. రెండోది గట్టునే తవ్వుతుంది, గుడ్లు పెట్టడానికి ఒడ్డున సొరంగాలు చేస్తుంది.

అక్కడ లేని బెడద ఇక్కడ ఎందుకంటే, అమెజాన్‌లో దాని పెంకును లెక్కచేయని మొసళ్ళు, నీటికుక్కలు ఉన్నాయి. మనుషులు కూడా దాన్ని పెంకుతో సహా కాల్చుకుని, పులుసు పెట్టుకుని తింటారు. మన కాలువలో దాన్ని పట్టి తినే అలవాటు కొంగకూ లేదు, మనకూ లేదు. ఆస్ట్రేలియాలో 1859లో వేట సరదా కోసం వదిలిన రెండు డజన్ల కుందేళ్ళు దేశమంతా కమ్ముకున్నాయి. 1935లో చెరకు పురుగులను తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా గోదురు కప్ప చెరకు పురుగును వదిలేసి, తనను తిన్న అక్కడి జంతువులను తన విషంతో చంపింది. మన దగ్గర కేంద్రం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను ఇప్పటికీ మార్పు చేప అని చెప్పి అంటగట్టేవారు ఉన్నారు, కొనేటప్పుడు గమనించండి.

మీ వలలో పడినదాన్ని తిరిగి బోదెలోకి విసరవద్దు. గట్టు మీద పారేసినా సరిపోదు, నీరు లేకుండా గంటల తరబడి బతికి ఉండి, జారుకుంటూ మళ్ళీ నీటిలోకి దిగగలదు. నీటికి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి, లేదా చచ్చిందని నిర్ధారించుకున్నాక కొబ్బరి చెట్టు మొదట్లో ఎరువుగా వేయండి.